జామెట్రీ బాక్సులో దాచిన టూర్ కాగితం: ఒక మధ్యవర్తిత్వ కేసు

విడిగా ఉంటున్న తల్లిదండ్రులు స్కూల్ టూర్ దగ్గర గొడవపడి మా మీడియేషన్ సెంటర్‌కి వస్తే, ఇప్పుడు నేను మొదట అడిగేది ఒక్కటే. ఈ టూర్ సంగతి ఎవరికి, ఏ రోజు, ఎవరి నోటి ద్వారా తెలిసింది? పంపాలా వద్దా అన్నది ఆ తర్వాతే. ఇది నాకు ముందు నుంచీ తెలిసిన పద్ధతి కాదు. ఈ కేసు నేర్పింది. నేర్చుకునేలోపు ఒక వారం పోగొట్టాను కూడా.

తల్లి, తండ్రి ఇద్దరి అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. తండ్రి వృత్తి మార్చితే కేసు అర్థం కాదు కనుక దాన్ని మాత్రం ఆయన సరేనన్నాకే ఉంచాను.

తల్లి హనుమకొండలో ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో బిల్లింగ్ కౌంటర్‌లో పని చేస్తారు. తండ్రి గోదావరిఖనిలో సింగరేణి ఉద్యోగి, బాయి, అంటే బొగ్గు గని, లోపలికి దిగే మనిషి. విడిపోయి మూడేళ్లు. విడాకుల కేసు, పాప కస్టడీ కేసు రెండూ నడుస్తున్నాయి. హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద మధ్యంతర ఉత్తర్వు ఒకటి ఉంది. పాప తల్లి దగ్గర ఉంటుంది. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకు తండ్రితో. దసరా, సంక్రాంతి సెలవుల్లో సగం రోజులు తండ్రి దగ్గర. పాపకు 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. చిన్నప్పటి నుంచి వీజింగ్, అంటే పిల్లికూతలతో వచ్చే ఆయాసం, ఉంది. చలికాలంలో ఎక్కువవుతుంది.

స్కూల్ డిసెంబర్‌లో ఎనిమిది రోజుల టూర్ పెట్టింది. కాజీపేట నుంచి ఢిల్లీకి రైలు, ఆగ్రా, చండీగఢ్, అక్కడి నుంచి బస్సులో మనాలి. ఢిల్లీ వరకే 1,500 కిలోమీటర్ల పైచిలుకు. మనిషికి 18,500 రూపాయలు. తల్లి మొదటి వాయిదా 5,000 కట్టి, ఫారం మీద సంతకం పెట్టారు. తండ్రి టూర్ ఆపాలని కోర్టులో ఐ.ఏ., అంటే నడుస్తున్న కేసులోనే ఇంకో దరఖాస్తు, వేశారు. జడ్జి గారు ఇద్దరినీ మా దగ్గరికి పంపారు. మిగతా డబ్బు కట్టడానికి చివరి తేదీకి అప్పటికి 12 రోజులే ఉంది.

ఒక్క మాట మీద ఇద్దరు లాయర్లు

ఉత్తర్వులో ఒక షరతు ఉంది. పాపను రాష్ట్రం దాటి తీసుకెళ్లేటప్పుడు రెండో వారికి ముందుగా తెలియజేయాలి. అంతే రాసి ఉంది. తల్లి తరఫు లాయర్ వాదన, తెలియజేయడమంటే చెప్పడమే, అనుమతి అక్కర్లేదు అని. పైగా తీసుకెళ్లేది తల్లి కాదు, స్కూల్. తండ్రి తరఫు లాయర్ వాదన, అవతలివాళ్ల అభ్యంతరం వినడానికి కాకపోతే ముందుగా తెలియజేయమనడం ఎందుకు అని. రెండూ కొట్టిపారేసే వాదనలు కావు. ఉత్తర్వులు రాసే రోజు అందరి దృష్టీ ఆదివారాల మీద, నెలనెలా ఇచ్చే డబ్బు మీదే ఉంటుంది. స్కూల్ టూర్, ఆపరేషన్, కోచింగ్ సెంటర్ మార్పు లాంటివి ఎవరికీ గుర్తుకు రావు. గుర్తుకు వచ్చే రోజుకు టైం ఉండదు.

చట్టం దారి చూపదా అంటే చూపుతుంది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956లోని సెక్షన్ 13 ప్రకారం బిడ్డ క్షేమమే అన్నిటికన్నా పైన. సంరక్షకులు, ఆశ్రితుల చట్టం 1890లోని సెక్షన్ 17 ప్రకారం, ఆలోచించి చెప్పగల వయసు ఉన్న పిల్లల ఇష్టాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు. కానీ క్షేమం అన్న మాటను ఇద్దరూ వాడుకోగలరు. వీజింగ్ ఉన్న పిల్లను మంచులోకి పంపడం క్షేమమా అని తండ్రి. క్లాసు మొత్తం వెళ్తుంటే ఒక్కదాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం క్షేమమా అని తల్లి. కౌంటర్, అంటే రాతపూర్వక జవాబు, వేయడానికి ఒక వాయిదా, వాదనలకు ఒక వాయిదా అనుకున్నా, ఈలోగా స్కూల్ చివరి తేదీ దాటిపోతుంది. అప్పుడు కోర్టు ఏమీ చెప్పకుండానే తండ్రి గెలిచినట్టు. లేదా తల్లి మిగతా డబ్బు కట్టేసి పిల్లను రైలెక్కిస్తే ఆమె గెలిచినట్టు. ఇలాంటి కేసుల్లో ఆలస్యమే తీర్పు అయిపోతుంది. అందుకే వీటిని మామూలు వరుసలో కాకుండా ముందుకు తీసుకుని కూర్చుంటాను.

మొదటి రోజు నేను చేసిన తప్పు

ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. తండ్రి అభ్యంతరాలు చెప్పారు. మనాలి చలి, పాప వీజింగ్, డిసెంబర్‌లో ఢిల్లీ పొగ. ఆఖర్న బియాస్ నది అన్నారు. 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు 24 మంది, వాళ్లతో వెళ్లిన టూర్ మనిషి, హిమాచల్‌లోని మండి జిల్లాలో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. పైన లార్జి డ్యాం గేట్లు ఎత్తిన సంగతి కింద ఫోటోలు దిగుతున్న పిల్లలకు తెలియదు. ఆ వీడియో చూడని తెలుగు తల్లిదండ్రులు అరుదు. మనాలి బస్సు వెళ్లేది ఆ నది పక్క నుంచే.

నేను ఇవన్నీ వింటూనే మనసులో ఇంకో లెక్క వేసుకున్నాను. టూర్ తేదీల్లో నాలుగో ఆదివారం ఉంది. అసలు బాధ ఆ ఆదివారం పోవడమే, మిగతావన్నీ దానికి తొడుగులు అనుకున్నాను. ఇన్నేళ్ల అనుభవం ఉందన్న ధీమా అలా అనిపించేలా చేసింది. పోయిన ఆదివారానికి బదులు జనవరిలో రెండు ఆదివారాలు ఇస్తే ఎలా ఉంటుంది అని అడిగాను.

ఆయన లేచి నిలబడ్డారు. "నేను ఆదివారాలు బేరం చేసుకోనీకి రాలేదు మేడం," అన్నారు. తల్లి వెంటనే అందుకున్నారు. "చూసిండ్రా, ఏది చెప్పినా అంతే. ఆయనను అడిగితే ఒప్పుకుంటడా? ఎప్పుడన్న, దేనికన్న ఒప్పుకున్నడా?" ఆయన తలుపు దగ్గర ఆగి ఒక మాట అన్నారు. "నాకు చెప్పిందెవలు మేడం? పెండ్లిల తెలిసింది. మా మేనమామ కోడలు చెప్పింది. నా బిడ్డ ఢిల్లీ పోతున్నదని నాకు ఊరోళ్లు చెప్పాల్నా?"

ఆ మాటను ఆ రోజే పట్టుకోవాల్సింది. నేను మాత్రం అప్పుడే పోయిన మంచి వాతావరణం గురించి బాధపడుతూ, మళ్లీ డేట్ ఇచ్చి పంపేశాను. ఆయన డ్యూటీలు సర్దుకుని మళ్లీ రావడానికి ఆరు రోజులు పట్టింది. 12లో 6 పోయాయి.

పైకప్పు తట్టిందెవరు?

రెండోసారి తండ్రితో విడిగా కూర్చున్నాను. టూర్ ఊసు ఎత్తలేదు. మీ పనేమిటి, రోజు ఎలా గడుస్తుంది అని అడిగాను. ఆయన మైనింగ్ సర్దార్. ఆ పని ఏమిటో నాకు అప్పటిదాకా సరిగా తెలియదు.

"షిఫ్ట్ దిగినంక జాగా మీదికి ముందు పోయేది నేనే," అన్నారు. "పైకప్పును తట్టి చూస్త. గట్టి సప్పుడు వస్తే మంచిదే. బోలు సప్పుడు వస్తే మనుషులను రానియ్య. గ్యాస్ చూస్త. గాలి ఆడుతున్నదా చూస్త. బుక్కుల రాసి సంతకం పెట్టినంకనే పని మొదలైతది." తట్టడం ఎలాగో నా టేబుల్ మీద పెన్నుతో చూపించారు. మధ్యలో ఒక శబ్దం, సొరుగు ఉన్న చోట ఇంకో శబ్దం. "గిట్ల, చెవికి తెలుస్తది." షిఫ్ట్ అయ్యాక ల్యాంప్ రూంలో ఒక్క దీపం తిరిగి రాకపోయినా ఊరుకోరట. దీపం రాలేదంటే మనిషి లోపలే ఉన్నట్టు లెక్క.

కాసేపు ఆగి ఆయనే అన్నారు. "ఈ టూర్‌కు పైకప్పు తట్టిందెవలు మేడం? ఆమె తట్టిందా? స్కూలోళ్లు తట్టిండ్రా? నన్ను సంతకం పెట్టమంటున్నరు. చూడని జాగాకు నేను ఎట్ల పెడుత?"

మొదటి రోజు నేను సాకు అనుకున్నది ఈ మనిషి రోజూ చేసే పని. ఆయనకు అనుమతి అంటే ఇదీ అర్థం. తెల్ల కాగితం ఇచ్చి, మీరే సర్దార్ అయితే ఈ టూర్‌లో ఏమేం తట్టి చూస్తారో రాయమన్నాను. అరగంట కూర్చుని 14 ప్రశ్నలు రాశారు. ఆడ టీచర్లు ఎంతమంది? ఘాట్ రోడ్డు మీద బస్సు రాత్రి నడుస్తదా, పగలా? దగ్గర్లో ఆస్పత్రి ఏది? ఇన్‌హేలర్ పాప దగ్గర ఉంటదా, పెద్ద బ్యాగుల ఉంటదా? నది దగ్గర ఆపుతరా? పిల్లల లెక్క ఎవలు పెడతరు, రోజుకు ఎన్నిసార్లు? నా నంబర్ ఎవల దగ్గర ఉన్నది? ఆ కాగితం ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. అనుమతి పత్రం ఎలా ఉండాలో కొన్ని స్కూళ్లకు ఆ కాగితమే చూపించాను.

వెళ్లేముందు, పెళ్లిలో తెలిసిన విషయం మళ్లీ చెప్పమన్నాను. పాప పోయిన ఆదివారం ఆయనతోనే ఉంది. పగలంతా ఉంది. ఒక్క మాట అనలేదు. "ఆమెనే చెప్పొద్దన్నది, అందుకే చెప్పలే," అని ఆయన నమ్మకం. తల్లిని అడిగితే ఆమె చెప్పింది వేరు. "డాడీకి చెప్పినవా అని అడిగిన మేడం. చెప్పిన అన్నది. ఏమన్నడు అంటే ఏం అనలే అన్నది." ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్టు లేరు. మధ్యలో ఎక్కడో మాట ఆగిపోయింది.

పాపతో నలభై నిమిషాలు

పిల్లలతో మాట్లాడేటప్పుడు, నీకు వెళ్లాలని ఉందా అని నేను మొదట అడగను. అమ్మ కరెక్టా నాన్న కరెక్టా అన్న ప్రశ్నకు అది ఇంకో రూపంలా వినిపిస్తుంది వాళ్లకు. రైల్లో ఎవరి పక్కన కూర్చుంటావు అని అడిగాను. వెంటనే మొహం విప్పారింది. సైడ్ లోయర్ బెర్త్, కిటికీ పక్కన, ఇద్దరు ఫ్రెండ్స్‌తో వంతులు కూడా పంచుకున్నారట. తాజ్‌మహల్ దగ్గర ఏ డ్రెస్ వేసుకోవాలో తేలింది. వెళ్లాలని ఉందా అన్న ప్రశ్నకు జవాబు అయిపోయింది.

కాగితం స్కూల్లో ఎప్పుడు ఇచ్చారమ్మా అని అడిగాను. తేదీ చెప్పింది. తల్లి సంతకం పెట్టిన తేదీకి, దానికి మధ్య తొమ్మిది రోజుల తేడా ఉంది. ఈ తొమ్మిది రోజులు కాగితం ఎక్కడుంది?

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత స్కూల్ బ్యాగు తెరిచి జామెట్రీ బాక్సు తీసింది. కాగితం ఇప్పుడు అందులో లేదు, కానీ ఎలా పెట్టిందో చూపించాలనుకుంది. నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి, సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిచింది. కోణమానిని కింద పెట్టి మూత మూసింది. "ఇట్ల పెట్టిన ఆంటీ."

"మమ్మీకి చూపిస్తే డాడీని అడగాలె అంటది. డాడీని అడిగితే మమ్మీ ఏమన్నది అంటడు. లాస్ట్ ఇయర్ యాన్యువల్ డే అప్పుడు గట్లనే అయింది. ఇద్దరు ఫోన్‌ల కొట్లాడిండ్రు. నేను డాన్స్ కూడ సరిగ చెయ్యలే." చివరి తేదీ వరకు దాచేస్తే టూర్ దానంతటదే అయిపోతుందని, ఎవరూ కొట్లాడరని అనుకుంది. కానీ క్లాసు వాట్సాప్ గ్రూపులో చూసి తల్లికి తెలిసిపోయింది. డాడీకి చెప్పినవా అంటే చెప్పిన అంది. డాడీ ముందు కూర్చుంటే నోరు రాలేదు.

ఆ పిల్ల టూర్‌కి వెళ్లాలని అంతగా కోరుకుంటూ, ఆ టూర్ కాగితాన్ని తనే దాచుకుంది. నా పనిలో చాలా కన్నీళ్లు చూశాను. కోణమానిని కింద మడిచిపెట్టిన ఆ కాగితం చూసినప్పుడు కలిగిన బాధ వేరు. తల్లీ తండ్రీ మాట్లాడుకోవడం మానేస్తే ఆ మాటలు మోసే పని పిల్ల మీద పడుతుంది. మోయలేనప్పుడు దాచేస్తుంది. మనం దాన్ని అబద్ధం అంటాం.

ఇది పాప నాతో నమ్మకంగా చెప్పిన విషయం. తన అనుమతి లేకుండా తల్లిదండ్రులకు కూడా చెప్పకూడదు. అలాగని చెప్పకపోతే, తల్లే చెప్పనివ్వలేదన్న తండ్రి అనుమానం అలాగే ఉంటుంది. నేను చెప్పవచ్చా అని అడిగాను. తిట్టొద్దని ముందే చెప్పి, తర్వాత చెప్పమంది. ఇంకో షరతు కూడా పెట్టింది. తను ఆ గదిలో ఉండదు. రెండింటికీ ఒప్పుకున్నాను.

స్కూల్ జవాబు

14 ప్రశ్నలను ఇద్దరి పేర్లతో స్కూల్‌కి పంపాం. తల్లి మొదట ఒప్పుకోలేదు. ఇన్ని ప్రశ్నలు అడిగితే పాపకు స్కూల్లో చెడ్డ పేరు వస్తుందని భయం. ఆ భయంలోనూ నిజముంది. విడిపోయిన వాళ్ల పిల్ల అన్న ముద్ర ఎంత బరువో ఆమె రోజూ చూస్తున్నారు. అందుకే కోర్టు మాట ఎక్కడా రాయకుండా, పాపకు వీజింగ్ ఉంది కనుక అడుగుతున్నాం అని మాత్రమే రాశాం. టూర్ చూసే టీచర్ రెండు రోజుల్లో 11 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబిచ్చారు. మంచి టీచర్. ఈ ప్రశ్నలు మేమే ముందుగా రాసుకోవాల్సింది అని కూడా రాశారు.

దానితోపాటు టూర్ ఏజెన్సీ ఇచ్చిన రోజువారీ ప్రోగ్రాం పంపారు. పిల్లలకు ఇచ్చిన కాగితంలో లేని వివరాలు ఇందులో ఉన్నాయి. అయిదో రోజు కింద ఒక లైను. రివర్ రాఫ్టింగ్, ఇష్టమున్నవారికి, 700 రూపాయలు విడిగా.

మూడో సమావేశంలో ఆ కాగితాలు ఇద్దరి ముందూ ఒకేసారి పెట్టాను. తల్లి వేలు పెట్టి లైను లైను చదువుకుంటూ వస్తున్నారు. అయిదో రోజు దగ్గర వేలు ఆగింది. మళ్లీ చదివారు. తల ఎత్తి నన్ను కాదు, ఆయనను చూసి అన్నారు. "ఇది నేను చూడలే."

ఆయన గెలిచినట్టు ఏమీ అనలేదు. "నాకు గూడ తెల్వదు. ఊరికెనే అడిగిన," అన్నారు.

అప్పుడు పాప సంగతి చెప్పాను. ముందు మాట తీసుకున్నాను, పాపను ఈ విషయంలో ఒక్క మాట కూడా అనకూడదని. ఆ తర్వాత నోట్‌బుక్ కాగితం మడిచి చూపించాను. తండ్రి టేబుల్ వైపు చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి, "నువ్వు చెప్పొద్దన్నవనుకున్న," అన్నారు. "నాతోటి చెప్పిన అన్నది," అన్నారామె. నా ముందు వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. నేను మధ్యలోకి వెళ్లలేదు.

ఏం రాసుకున్నాం

తర్వాతి గంటన్నర పని మామూలు పనే. కానీ రాత దగ్గర తొందరపడలేదు. తెలియజేయాలి అన్న ఒక్క మాట ఎంత దూరం తెచ్చిందో చూశాం కదా.

ఇకపై పాపకు సంబంధించిన ఏ స్కూల్ కాగితం అయినా, ఎవరి చేతికి ముందు వస్తే వాళ్లు అదే రోజు ఫోటో తీసి రెండోవారికి వాట్సాప్‌లో పంపాలి. పాప చేతికిచ్చి పంపకూడదు, పాపతో చెప్పించకూడదు. రెండోవారు మూడు రోజుల్లో జవాబివ్వాలి. వద్దంటే ఎందుకు వద్దో, ఏం మారితే సరేనో రాయాలి. చూసి కూడా మూడు రోజులు ఏమీ అనకపోతే సరే అన్నట్టు. ఈ చివరి మాట మీద తండ్రి అభ్యంతరం చెప్పారు. బాయి లోపల ఫోన్ ఉండదు, డబుల్ డ్యూటీ పడితే రెండు రోజులు చూడకపోవచ్చు అని. సబబే. అందుకే పంపిన రోజు నుంచి కాకుండా చూసిన రోజు నుంచి మూడు రోజులు అని మార్చాం. ఒకవేళ నాలుగు రోజులైనా చూడకపోతే ఫోన్ చేయాలి.

స్కూల్ రికార్డులో, క్లాసు గ్రూపులో తండ్రి నంబర్ కూడా ఉండాలి. అప్పటిదాకా తల్లి నంబర్ ఒక్కటే ఉంది. ఆమె కావాలని చేసింది కాదు, ఫారంలో ఒకే గడి ఉంది. చాలా స్కూళ్లలో ఇదే పరిస్థితి. దీన్ని సరిచేయడానికి లాయర్ అక్కర్లేదు, ఒక దరఖాస్తు చాలు. అయినా ఏళ్ల తరబడి ఎవరూ ఇవ్వరు.

ఈ టూర్ వరకు, పాప వెళ్తుంది. రాఫ్టింగ్‌కి, నది ఒడ్డున దిగడానికి అనుమతి లేదని ఇద్దరూ సంతకం పెట్టి స్కూల్‌కి ఇస్తారు. వెళ్లేముందు పాపను ఎప్పుడూ చూసే పిల్లల డాక్టర్‌కి ఇద్దరూ కలిసి చూపిస్తారు. ఆయన ఒక పేజీ రాసిచ్చారు. రోజూ వాడే మందు మానకూడదు, ఢిల్లీలో బయట మాస్కు, ఆయాసం వస్తే నీలిరంగు ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో, అంటే దానికి తగిలించే గొట్టంతో, ఎలా వాడాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఒక ఇన్‌హేలర్ పాప నడుముకు కట్టుకునే పౌచ్‌లో, ఒకటి ఆడ టీచర్ దగ్గర. పెద్ద బ్యాగులో పెట్టకూడదు. ఎందుకంటే ఆ బ్యాగులు బస్సు కింద డిక్కీలోకి వెళ్తాయి. ప్రతి రాత్రి పిల్లల లెక్క చూశాక టీచర్ గ్రూపులో మెసేజ్ పెడతారు. డబ్బు చెరి సగం. ఈ విషయం రెండు నిమిషాల్లో తేలింది. అది ముందు నుంచీ గొడవే కాదు.

ఆదివారం గురించి నేనే అడగాల్సి వచ్చింది. తండ్రి కాసేపు ఆలోచించి, ఆదివారం వద్దన్నారు. కాజీపేటలో ఎక్కాక రైలు రామగుండంలో ఆగుతుంది. ప్లాట్‌ఫాం మీదికి వచ్చి పాపను చూడొచ్చా అని అడిగారు. తల్లి నన్ను చూసి, "దానికి నన్ను అడుగుడు ఏంది," అన్నారు. అయినా అది కూడా రాతలో చేర్చాం. కోచ్ నంబర్, బెర్త్ నంబర్ ముందు రోజు రాత్రే తల్లి పంపాలని.

తండ్రి ఐ.ఏ. వెనక్కి తీసుకున్నారు. చివరి తేదీకి ఒక రోజు ముందు మిగతా డబ్బు కట్టారు.

టూర్‌లో ఏం జరిగింది

రామగుండం సంగతి పాప చెప్పింది. డాడీ షిఫ్ట్ మార్చుకుని వచ్చి, కోచ్ ఆగే చోట ముందే నిలబడ్డారట. రైలు ఆగింది కాసేపే. నానమ్మ చేసిన సకినాల డబ్బా, ఉన్ని టోపీ ఇచ్చారు. పౌచ్ జిప్పు తీసి ఇన్‌హేలర్ ఉందా లేదా చూసి, మళ్లీ జిప్పు వేశారు. "చెక్ చేసిండు ఆంటీ," అంది నవ్వుతూ. టీచర్‌కి దండం పెట్టి దిగారట.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. మనాలిలో మొదటి రాత్రి తొమ్మిది దాటినా గ్రూపులో లెక్క మెసేజ్ రాలేదు. టీచర్ ఫోన్ కలవలేదు. తండ్రి తల్లికి ఫోన్ చేశారు. అంతకు ముందు చాలాకాలంగా ఆమె ఆ నంబర్ ఎత్తలేదు, ఆ రాత్రి ఎత్తారు. పది దాటాక 46 మంది ఉన్నారని మెసేజ్ వచ్చింది. సిగ్నల్ లేక ఆలస్యమైంది. ఆ గంట ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు. మాటలు తక్కువే, ఫోన్ మాత్రం పెట్టలేదు అని తల్లి తనంతట తనే చెప్పారు. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో పాపకు కొంచెం ఆయాసం వచ్చింది. డాక్టర్ రాసిచ్చిన పేజీ ప్రకారం టీచర్ స్పేసర్‌తో మందు ఇచ్చి, తగ్గాక ఇద్దరికీ మెసేజ్ పెట్టారు. ఇద్దరూ ఒకరిని ఒకరు ఏమీ అనలేదు.

ఈ పని చేసేవాళ్లకు ఒకటి చెప్పాలి. అడ్డం చెప్పిన తండ్రి భయాన్ని నేను మొదటి రోజు ఆదివారాల లెక్కలో వేశాను. ఆ భయంలో ఎంత నిజముందో ముందే తట్టి చూసి ఉంటే, రాఫ్టింగ్ లైను వారం ముందే బయటపడేది. పెళ్లిలో తెలిసింది అన్న మాటను అక్కడే ఆపి, తేదీలు రాసుకుని ఉంటే, తొమ్మిది రోజుల ఖాళీ మొదటి రోజే కనిపించేది. ఇప్పుడు నేను టేబుల్ మీద ఒక క్యాలెండర్ పెట్టుకుంటాను. ఇద్దరితోనూ వేరువేరుగా, సంగతి తెలిసిన తేదీల మీద గుర్తు పెట్టిస్తాను. రెండు గుర్తుల మధ్య ఖాళీ ఉంటే ముందు ఆ ఖాళీలో ఏం జరిగిందో వెతుకుతాను. చాలాసార్లు అక్కడ పిల్ల ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. ప్రతి కేసులో పిల్లను పిలిచి అడగకూడదు. పిల్ల మీద భారం తగ్గుతుందనుకున్నప్పుడే, లాయర్లు లేకుండా, విడి గదిలో పిలవాలి. తను చెప్పినదానిలో ఏది బయటికి వెళ్లాలో తననే తేల్చనివ్వాలి. దెబ్బలు, బెదిరింపులు ఉన్న ఇళ్ల కేసుల్లో ఈ పద్ధతి మొత్తం పనికిరాదు. ఇద్దరినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టడమే తప్పవుతుంది. ఇక్కడ అలాంటిది లేదని మొదటే విడివిడిగా అడిగి నిర్ధారించుకున్నాను.

విడాకుల కేసు ఇంకా నడుస్తోంది. ఇంటి వాటా దగ్గర ఇద్దరూ ఒక్క మెట్టు దిగలేదు. కస్టడీ తుది ఉత్తర్వు రావాలి. మొన్న వాయిదాకు వచ్చినప్పుడు తల్లి ఫోన్ తీసి చూపించారు. సైన్స్ ఎగ్జిబిషన్ కాగితం ఫోటో, పంపిన తేదీ, కింద ఆయన జవాబు. పాప ఇంతకుముందు ఆదివారాలు తండ్రి దగ్గరికి వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్ మర్చిపోయేది, మధ్యాహ్నం ఆయాసం వస్తే తొందరగా వెనక్కి వచ్చేది, దాని మీద కూడా ఒకప్పుడు గొడవలయ్యేవి. ఇప్పుడు గోదావరిఖని క్వార్టర్‌లో టీవీ పక్కన స్పేసర్‌తో సహా ఒక ఇన్‌హేలర్ ఉంటోంది.